స్టీలు గిన్నెలు: కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి

మీరు మూడు సంగతులు అడిగారు. నాన్‌స్టిక్ పాత్రల పూత ఊడిపోతున్నందువల్ల స్టీలుకు మారాలనుకుంటున్నారు. దుకాణదారు గిన్నెకు అయస్కాంతం పెట్టి, అంటుకోవడం లేదు కాబట్టి ఇది 304 అనే మేలురకం స్టీలేనని చెప్పిన మాట నమ్మవచ్చో లేదో తెలియడం లేదు. ఇదివరకే ఉన్న స్టీలు మూకుడులో వేపుళ్లు అడుగంటుతున్నాయి, గిన్నెల లోపల తెల్లటి మచ్చలు, నీలిరంగు చారలు కనిపిస్తున్నాయి, వాటివల్ల హాని ఉంటుందా అన్నది మూడోది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల నాణ్యతను పరీక్షించే ఉద్యోగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి, ఇంట్లో వంటపని కూడా చూసుకునేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

దుకాణదారు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు కానీ, ఆయన చేసిన పరీక్షతో ఆ మాట రుజువు కాదు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఒక పొరను ఏర్పరుస్తుంది. కంటికి కనిపించని ఆ పొరే తుప్పును ఆపుతుంది, గీత పడినా ఆక్సిజన్ తగిలితే తిరిగి ఏర్పడుతుంది. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అందుకే దాని మీద 18/8 అని కూడా రాస్తారు. నికెల్ చేరినప్పుడు లోహంలోని పరమాణువుల అమరిక మారి, అయస్కాంతం అంటుకోని స్టీలు తయారవుతుంది. అయితే నికెల్ ఖరీదైన లోహం. దాన్ని బాగా తగ్గించి ఆ స్థానంలో మాంగనీసు, కొంత నైట్రోజన్ చేర్చి చేసేవి 201, 202 వంటి 200 శ్రేణి స్టీళ్లు. మాంగనీసు, నైట్రోజన్ కూడా లోహం అమరికను అదే విధంగా మారుస్తాయి కాబట్టి వాటికీ అయస్కాంతం అంటుకోదు. మన బజారులో తక్కువ ధరకు దొరికే సామాన్లలో చాలావరకు ఈ 200 శ్రేణివే. అంటే, మీరు విడదీసి తెలుసుకోవాలనుకున్న రెండు రకాలనూ ఆ పరీక్ష విడదీయజాలదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిజమైన 304 రేకును లోతైన గిన్నెగా సాగదీసినప్పుడు, ఎక్కువగా సాగిన అంచుల దగ్గర, మూలల దగ్గర అయస్కాంతం కొద్దిగా పట్టుకుంటుంది. అది చూసి మంచి గిన్నెను నకిలీదని వదిలేసేవారు ఉన్నారు. అయస్కాంతం గట్టిగా అంటుకునే 430 రకం కూడా నాసిరకమేమీ కాదు. అందులో నికెల్ దాదాపు ఉండదు కానీ క్రోమియం 16 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద వాడే పాత్రల అడుగున బయటివైపు ఆ రేకునే వేస్తారు. ఇంట్లో ఇండక్షన్ ఉన్నవారు మాత్రం అయస్కాంతాన్ని తప్పక వెంట తీసుకుపోవాలి, అడుగుకు అంటుకుంటేనే గిన్నె దాని మీద వేడెక్కుతుంది.

మరి రకాన్ని నిర్ధారించుకోవడం ఎలా? ఇంటి కొనుగోలుదారుకు అన్నిటికన్నా నమ్మదగ్గ ఆధారం ఐఎస్ఐ గుర్తు. స్టెయిన్‌లెస్ స్టీలు వంటపాత్రలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నిర్ణయించిన ప్రమాణం ఐఎస్ 14756. ఈ పాత్రలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. గుర్తుతోపాటు సీఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య కూడా ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూస్తే అది ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చినదో తెలుస్తుంది. దుకాణంలో నిలబడి చేయదగ్గ పనే అది, మొహమాటపడవద్దు. గుర్తు లేని సామాను కొనవలసి వస్తే, బిల్లు మీద గ్రేడు సంఖ్య, అంటే 304 వంటి రకం సంఖ్య, రాసి ఇమ్మని అడగండి. నోటితో 304 అని హామీ ఇచ్చినవారు కాగితం మీద రాయడానికి వెనుకాడితే మీకు సమాధానం దొరికినట్లే.

"ఫుడ్ గ్రేడ్" అన్న ముద్ర ఒక్కటే ఉండి, సంఖ్య ఏదీ లేకపోతే దానికి విలువ ఇవ్వకండి. "ఇది సేలం స్టీలు" అని చెప్పి అమ్మడం కూడా మన ఊళ్లలో మామూలే. తమిళనాడులోని సేలంలో ప్రభుత్వరంగ ఉక్కు కర్మాగారం ఉన్న మాట నిజం, అక్కడి రేకుకు మంచి పేరున్న మాటా నిజం. కానీ రేకు అక్కడ తయారైతే గిన్నెను మరెవరో చేస్తారు, పైగా ఆ కర్మాగారమే ఒకటికి మించిన గ్రేడ్లను తయారుచేస్తుంది. కాబట్టి ఆ పేరు విన్నప్పుడు కూడా గ్రేడు ఏమిటని అడగవలసిందే. పాత సామాన్ల వ్యాపారుల దగ్గర మాంగనీసును పట్టి చూపే ఒక ద్రావణం ఉంటుంది, చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 200 శ్రేణి స్టీలు మీద ఎర్రబారుతుంది. అది పనికివచ్చే పరీక్షే కానీ, కొత్త గిన్నె మీద మచ్చ మిగులుతుంది కాబట్టి ఏ దుకాణదారూ ఒప్పుకోడు.

ఇంతమాత్రం చేత మీ ఇంట్లో ఉన్న 200 శ్రేణి సామాన్లన్నీ బయట పారేయాలని నేను అనడం లేదు. పప్పులు, బియ్యం పోసుకునే డబ్బాలు, మంచినీళ్ల గ్లాసులు, కంచాలు, పిండి కలుపుకునే పళ్లేలు ఆ రకానివైనా ఏ ఇబ్బందీ లేదు. తేడా తెలిసేది ఉప్పు, పులుపు, వేడి మూడూ కలిసిన చోట. మన వంటలో అవి రోజూ కలుస్తాయి. చింతపండు పులుసు, చారు, టమాటా పప్పు, గోంగూర ఉడికే గిన్నెలకు మాత్రం 304కు డబ్బు పెట్టండి. సత్తు గిన్నెల్లో పులుపు ఉడికిస్తే లోహం కూరలోకి దిగుతుంది, కళాయి పూత అరిగిన ఇత్తడి గిన్నెల్లోనూ అంతే. ఆ పులుపును తట్టుకోవడమే వంటింట్లో మంచి స్టీలు వల్ల కలిగే అసలు ప్రయోజనం. 304 కంటే మేలైనది 316, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ అనే లోహం ఉండడంవల్ల ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది. రోజువారీ వంటకు దానికోసం అదనంగా ఖర్చు పెట్టడం నా దృష్టిలో అనవసరం.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. గిల్టు నగలు పెట్టుకుంటే ఒంటి మీద దద్దుర్లు వచ్చేవారిలో చాలామందికి నికెల్ పడదు. 304 గిన్నెలో పులుపు ఎక్కువసేపు ఉడికితే చాలా స్వల్పంగా నికెల్ దిగుతుంది. కొత్త గిన్నెలో మొదటి కొన్ని వంటలకు ఎక్కువగానూ తర్వాత తక్కువగానూ దిగుతుంది. ఇతరులు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. నికెల్ పడదని వైద్యులు నిర్ధారించినవారు మాత్రం పులుసులకు మట్టిపాత్రనో, నికెల్ లేని స్టీలునో ఎంచుకోవడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పినది ఆహారానికి తగిలే లోహం గురించి. మీ వేపుళ్లు అడుగంటడానికి దానితో సంబంధం లేదు, అది గిన్నె అడుగుకు సంబంధించిన విషయం. కొనేవారిలో ఎక్కువమంది మెరుపునూ గ్రేడునూ చూసి అడుగును చూడరు, వంట మాత్రం అడుగు మీదే జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని చాలా మందకొడిగా ప్రసరింపజేస్తుంది. ఉష్ణవాహకతను కొలిచే ప్రమాణంలో 304 విలువ సుమారు 15 అయితే, శుద్ధ అల్యూమినియానిది 200కు పైన, రాగిది దాదాపు 400. అందువల్ల పలుచటి ఒంటి రేకు మూకుడులో మంట తగిలిన చోట మాత్రమే వేడి పోగుపడుతుంది, రెండంగుళాల అవతల చల్లగా ఉంటుంది. కూర మాడినప్పుడు మంట వలయం ఆకారంలోనే నల్లటి మాడు కనిపించడానికి కారణం ఇదే. స్టీలు ఎంత మంచి రకమైనా ఈ గుణం మారదు.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. గిన్నె అడుగున మాత్రమే మందపాటి అల్యూమినియం బిళ్లను అతికించి, దాని కింద మళ్లీ స్టీలు వేసేది మొదటి పద్ధతి. దీన్ని శాండ్‌విచ్ బాటమ్ అంటారు. లోపల 304, నడుమ అల్యూమినియం, బయట 430, ఇలా మూడు పొరలను అడుగు నుంచి అంచు దాకా కలిపి ఒకే రేకుగా చేసి, దానితో గిన్నెను తయారుచేయడం రెండోది. అదే ట్రైప్లై. శాండ్‌విచ్ అడుగు ఉన్న గిన్నెలో నీళ్లు ఎక్కువగా ఉండే వంటలన్నీ బాగా సాగుతాయి. పప్పు, పులుసు, చారు, కూరగాయలు ఉడికించడం, అన్నం వండడం వంటివాటికి అది చాలు. దాని బలహీనత బిళ్ల ముగిసే చోట ఉంది. గ్యాస్ మంట బిళ్ల దాటి పక్కలకు ఎగబాకితే, అక్కడ పక్కగోడ ఒంటి రేకే కాబట్టి చుట్టూ ఒక గీతలాగా మాడుతుంది. అలాంటి గిన్నెను చిన్న బర్నర్ మీద పెట్టడమో, మంట బిళ్ల అంచు దాటకుండా తగ్గించడమో చేయాలి.

మూకుడు, బాణలి వంటి ఒంపు పాత్రలకు, వేపుళ్లకు, హల్వా, పాయసం, కోవా వంటి చిక్కటి పదార్థాలకు ట్రైప్లై కొనండి. మొత్తం మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు ఉంటే ఇంటి వంటకు సరిపోతుంది. ఇప్పుడు ఐదు పొరలు, ఏడు పొరలు అని కూడా అమ్ముతున్నారు. పొరల సంఖ్యతో పనిలేదు, నడుమ అల్యూమినియం ఎంత మందంగా ఉందన్నదే లెక్క, అందుకే పెట్టె మీద మొత్తం మందం ఎంతో చూడండి. ఒంటి రేకు సామాను కొనేటప్పుడు దుకాణంలో గేజ్ అనే మాట వినిపిస్తుంది. అందులో సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, 22 గేజ్ కంటే 18 గేజ్ మందం ఎక్కువ. పిడిని మేకులతో బిగించారా, అతికించారా అన్నది కూడా గమనించండి. అతికించిన చోట చిన్న సందు ఉంటే అక్కడ ఉప్పునీరు నిలిచి తుప్పు మొదలవుతుంది.

దోసెల కోసం మాత్రం స్టీలు పెనం కొనవద్దు. ఎన్ని చిట్కాలు పాటించినా, పిండి పలుచగా పరుచుకుని చిటపటమంటూ ఊడి వచ్చే దోసె నూనె పట్టిన ఇనుప పెనం మీదే వస్తుంది. నాన్‌స్టిక్ పెనం మానాలనుకుంటే ఇనుముకు మారండి.

అడుగంటడం గురించి మీరు అడిగినదానికి మిగతా సగం సమాధానం వంట పద్ధతిలో ఉంది. స్టీలు మూకుడును ఖాళీగా మధ్యస్థమైన మంట మీద రెండు మూడు నిమిషాలు వేడి చేసి, ఒక నీటిచుక్క చిలకరించండి. చుక్క సుయ్‌మని అక్కడే ఆవిరైపోతే ఇంకా వేడెక్కాలి. చుక్క విడిపోకుండా ముత్యంలా గుండ్రంగా దొర్లితే అడుగు సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్లు. చుక్క కింద ఏర్పడిన ఆవిరి పొర దాన్ని లోహానికి తగలకుండా ఎత్తి ఉంచడంవల్ల అలా దొర్లుతుంది. అప్పుడు తడి పూర్తిగా పోయాక, మంట తగ్గించి నూనె వేయండి. నూనె పలచబడి అలలుగా కదలగానే పోపు గింజలు, ఆ తర్వాత కూరముక్కలు వేయాలి. ఇలా ఖాళీగా వేడి చేయడం నాన్‌స్టిక్ పాత్రలతో ఎన్నడూ చేయకూడదు. 260 డిగ్రీల దగ్గర నుంచి ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే హానికరమైన పొగలు వస్తాయి. రెండు రకాలూ కొంతకాలం ఒకే వంటింట్లో ఉంటాయి కాబట్టి ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పి ఉంచండి.

ముక్కలు వేసిన వెంటనే అట్లకాడతో గీకకండి. మాంసకృత్తులు, పిండిపదార్థాలు మొదట వేడి లోహాన్ని పట్టుకుంటాయి, కిందివైపు తడి ఆరి ఎర్రబడ్డాక చాలావరకు వాటంతట అవే వదులుతాయి. ఆ రెండు మూడు నిమిషాలు ఓర్చుకోవడమే స్టీలు మీద వేపుడు చేయడంలోని కిటుకు. చేప ముక్కల విషయంలో ఇది మరీ నిజం, తొందరపడి తిప్పితే చర్మం మూకుడుకే మిగిలిపోతుంది. తడి మరో శత్రువు. బెండకాయలను ముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక తరగాలి. బంగాళాదుంప ముక్కలను రెండు నీళ్లలో కడిగి పైనున్న గంజి పోగొట్టి, గుడ్డ మీద పరచి ఆరనివ్వాలి. మూకుడు నిండా ఒకేసారి ముక్కలు పోస్తే వేడి పడిపోయి నీరు ఊరుతుంది, వేపుడు కాస్తా ఉడుకుతుంది, అంటుకుంటుంది. ట్రైప్లైకి అలవాటుపడేదాకా మరొకటి గుర్తుంచుకోవాలి. అది వేడిని నిలుపుకుంటుంది కాబట్టి పాత పలుచటి మూకుడుకు పెట్టినంత మంట దీనికి పెట్టకూడదు. ఇంత చేసినా అడుగున ఎర్రటి పొర మిగిలితే నాలుగు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో రుద్దండి, అది కూరలో కలిసి రుచినిస్తుంది.

పాలు కాచే గిన్నెను ముందు చన్నీళ్లతో తడిపి, ఆ తడి మీదే పాలు పోసి, సన్నటి మంట మీద మధ్యమధ్య కలుపుతూ కాయాలని పెద్దవాళ్లు చెప్పేది మంచి సలహా.

స్టీలును నిజంగా పాడుచేసేది ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ నేను మొదట చెప్పిన రక్షణ పొరను ఒక్కొక్క చుక్క చోట ఛేదించి, గుండుసూది మొనంత గుంటలు చేస్తుంది. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి పొయ్యి మీద పెడితే కరగని గింజలు అడుగున కూర్చుని ఆ పని చేస్తాయి. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలిపితే ఈ బెడద ఉండదు. ఉప్పు వేసిన పులుసును రాత్రంతా అదే గిన్నెలో ఉంచడం మంచి అలవాటు కాదు. ఆవకాయ, మాగాయ వంటి ఊరగాయలను స్టీలు డబ్బాలో నెలల తరబడి ఉంచవద్దు, వాటికి జాడీ గానీ గాజు సీసా గానీ ఉండాలి. బ్లీచింగ్ పౌడరు, బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం గిన్నెలకు తగలనివ్వకండి, వాటిలోనూ క్లోరిన్ ఉంటుంది. ఒకసారి పడ్డ గుంటలు తోమితే పోవు. అయితే అలాంటి గిన్నెలో వండుకోవడంవల్ల ప్రమాదం లేదు, ఆ గుంటల్లో మురికి నిలవకుండా శుభ్రంగా తోముకుంటే సరిపోతుంది.

మీరు చెప్పిన తెల్లటి మచ్చలు ఇవి కావు. బోరు నీళ్లు వాడే ఊళ్లలో నీటిలోని కాల్షియం లవణాలు మరిగినప్పుడు అడుగున పేరుకుని తెల్లగా కనిపిస్తాయి. వెనిగర్ కొద్దిగా కలిపిన నీళ్లను గానీ చింతపండు నీళ్లను గానీ ఆ గిన్నెలో అయిదు నిమిషాలు మరగనిచ్చి కడిగితే పోతాయి. ఇడ్లీ పాత్ర అడుగునీళ్లలో వాడేసిన నిమ్మచెక్క ఒకటి వేస్తే పొర కట్టనే కట్టదు. నీలం, బంగారు రంగు చారలు వేడివల్ల వస్తాయి. గిన్నె బాగా కాగినప్పుడు ఆ రక్షణ పొర కాస్త మందమై, వెలుతురు దాని మీద పడి రంగులుగా కనిపిస్తుంది. అది విషమూ కాదు, లోహం చెడిపోయిన గుర్తూ కాదు. చూడడానికి నచ్చకపోతే వెనిగర్ అద్దిన గుడ్డతో తుడవండి, లేదంటే అలాగే వదిలేయండి.

మాడు పట్టినప్పుడు బలం ఉపయోగించకండి. గిన్నెలో నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, పది నిమిషాలు మరగనిచ్చి, చల్లారేదాకా వదిలేస్తే మాడు మెత్తబడి కర్ర గరిటెకే ఊడి వస్తుంది. మొండి మాడైతే ఆ నీళ్లతో రాత్రంతా నాననివ్వాలి. అప్పటికీ మిగిలిన గోధుమరంగు మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడులు బాగా పనిచేస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు బార్ కీపర్స్ ఫ్రెండ్ పేరుతో తెలిసినది అలాంటిదే. చేతులకు తొడుగు వేసుకుని, తర్వాత గిన్నెను రెండు మూడుసార్లు కడగాలి. సన్నటి ఇనుప పీచు వాడకండి, దాని తునకలు గిన్నె మీద ఉండిపోయి, అవి తుప్పుపట్టి, గిన్నే తుప్పుపట్టినట్లు కనిపిస్తుంది. మెలికల స్టీలు పీచు తుప్పుపట్టదు కానీ గీతలు వేస్తుంది. లోపలివైపు రోజూ తోమడానికి కొబ్బరి పీచు, స్పాంజి చాలు. గీతలు పడినా భయపడనక్కర్లేదు, ఊడిపోవడానికి స్టీలు మీద పూత ఏమీ లేదు.

పొయ్యి మీంచి దింపిన గిన్నెను వెంటనే కుళాయి కింద పెట్టకండి, అడుగు వంగిపోతుంది. వంగిన అడుగు గాజు పలక ఉన్న విద్యుత్ పొయ్యి మీద గానీ ఇండక్షన్ మీద గానీ సరిగా ఆనదు. గిన్నెలు తోమే యంత్రం వాడేవారు ట్రైప్లై అంచును గమనించాలి. అక్కడ నడుమనున్న అల్యూమినియం బయటికి కనిపించేట్లుంటే, ఆ యంత్రంలో వాడే గాఢమైన క్షార పొడి దాన్ని నెమ్మదిగా తినేస్తుంది, స్టీలు అంచులు పదునుగా మిగులుతాయి. అలాంటివాటిని చేత్తో తోముకోవడమే మేలు.

కొత్త గిన్నెను వాడేముందు నూనె అద్దిన గుడ్డతో లోపలంతా గట్టిగా తుడవండి. మెరుగుపెట్టినప్పటి మసి గుడ్డకు నల్లగా అంటుతుంది, అది సబ్బునీళ్లతో మాత్రమే కడిగితే పూర్తిగా పోదు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆ తర్వాత వేడి నీళ్లు, సబ్బుతో కడగాలి. స్టిక్కరు రానంటే కొబ్బరినూనె రాసి గంటసేపు ఉంచండి. గిన్నె మీద పేరు చెక్కించుకుంటే లోహం చెడుతుందేమోనని కొందరు సందేహిస్తారు. చెక్కిన చోట రక్షణ పొర తిరిగి ఏర్పడుతుంది కాబట్టి నిస్సంకోచంగా చెక్కించుకోండి, బయటివైపు మాత్రమే.

అన్నీ ఒకేసారి కొనే సెట్ల జోలికి పోవద్దని నా సలహా. వాటిలో సగం పాత్రలు అటక మీదికి చేరతాయి. నలుగురున్న ఇంటికి మొదట 24 సెంటీమీటర్ల ట్రైప్లై మూకుడు ఒకటి, మూడు లీటర్ల శాండ్‌విచ్ అడుగు గిన్నె ఒకటి కొని రెండు నెలలు వాడి చూడండి. పాలకు, పాయసానికి ఇంకో చిన్న ట్రైప్లై గిన్నె అవసరమో కాదో అప్పటికి మీకే తెలుస్తుంది. పాతవాటిలో పూత లేస్తున్న నాన్‌స్టిక్ పాత్రలను వెంటనే తీసేయండి. స్టీలు సామాన్లలో తీసేయవలసినవి రెండే రకాలు. అడుగు బిళ్ల ఒకవైపు విడిపోయి, తలకిందులు చేసినప్పుడు సందులోంచి నీళ్లు కారే శాండ్‌విచ్ గిన్నెలు మొదటివి. ఆ సందులో చిక్కిన నీరు పొయ్యి మీద ఒక్కసారిగా ఆవిరైతే బిళ్ల పగిలి ఊడవచ్చు. రంధ్రం పడేదాకా గుంటలు లోతుగా దిగినవి రెండోవి. మరకలు, రంగుచారలు, గీతలు, సొట్టలు ఉన్నవన్నీ వాడుకోండి. పిడి వదులైనవాటిని గిన్నెలు బాగుచేసేవారి దగ్గర కొత్త మేకు కొట్టించి మళ్లీ వాడవచ్చు.